5.56 చాలదా? తూటా తగువులో ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుంది

పోయిన సంక్రాంతికి మా మేనమామ ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన తగువు కనుమ సాయంత్రం దాకా తెగలేదు. మామయ్య ఆర్మీలో ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాడు. ఆయన చేతిలో ఎక్కువ కాలం ఉన్నది 7.62 తూటా పేల్చే ఎస్ఎల్ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ఆయన కొడుకు, అంటే మా బావ, ఇప్పుడు సర్వీసులో ఉన్నాడు. ట్రైనింగ్ నుంచీ అతనికి అలవాటైంది అంతకంటే సన్నని 5.56 తూటా రైఫిల్.

"ఆ సన్న తూటా పిట్టల్ని కొట్టడానికి పనికొస్తుందిరా, మనిషిని ఆపదు" అంటాడు మామయ్య. "ఆ ఎస్ఎల్ఆర్ వేసుకుని ఇప్పుడు మేం తిరిగే కొండలెక్కి చూడు నాన్నా, అప్పుడు మాట్లాడదాం" అంటాడు బావ. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. "ఏం అల్లుడూ, ఇవన్నీ చదువుతుంటావు కదా, నువ్వు చెప్పు." నేను నోరు తెరిచీ తెరవకముందే మళ్లీ ఆయనే అడిగాడు. "అసలు నువ్వెప్పుడైనా పేల్చావా?"

పేల్చాను. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో, ఐదంటే ఐదు రౌండ్లు. ఫైరింగ్ అయ్యాక నేల మీద పడిన ఖాళీ ఖోకాలు, అంటే తూటా వెనకుండే లోహపు గొట్టాలు, ఏరి, లెక్కపెట్టి, నేర్పించే ఉస్తాద్ చేతిలో పోశాం. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలకూడదు. నా అనుభవం అంతే. కానీ మామయ్య వేసిన ఆ ప్రశ్నే ఈ తగువు మొత్తానికి కీలకం. రైఫిల్ క్యాలిబర్ గురించి ప్రపంచంలో ఎక్కడ వాదన జరిగినా, కాసేపటికి తూటాను వదిలేసి "చెప్పడానికి నువ్వెవరు" అన్న దగ్గరికి వచ్చేస్తుంది. ఒకరు యుద్ధం చూశానంటారు, ఒకరు అడవిలో వేటాడానంటారు, ఒకరు ల్యాబ్ లెక్కలు తీస్తారు. చాలాసార్లు వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పరు. తగువు తెగకపోవడానికి కారణమే అది.

ముందు క్యాలిబర్ అంటే ఏమిటో చూద్దాం. స్థూలంగా చెప్తే బ్యారెల్ లోపలి రంధ్రం వెడల్పు. 5.56 అంటే 5.56 మిల్లీమీటర్లు, .303 అంటే అంగుళంలో వెయ్యింట 303 వంతులు. అయితే ఈ అంకెను కొలతగా కంటే పేరుగా చూడటమే మంచిది. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. ఒకరు గాడి అంచు నుంచి అంచుకు కొలుస్తారు, ఇంకొకరు గాడి లోతు నుంచి లోతుకు. పైగా ఏకే-47 తూటా, ఎస్ఎల్ఆర్ తూటా రెండూ 7.62 అని పిలిపించుకున్నా, ఏకే బుల్లెట్ అసలు వెడల్పు 7.92 మిల్లీమీటర్లు, ఎస్ఎల్ఆర్ బుల్లెట్‌ది 7.82.

ఇంకా పెద్ద తికమక ఇంకోటుంది. నేను ఎన్‌సీసీలో పేల్చిన .22 బుల్లెట్‌ను, బావ వాడే 5.56 బుల్లెట్‌ను అడ్డంగా కొలిస్తే దాదాపు ఒకటే. కానీ .22 రౌండు, అంటే బుల్లెట్, ఖోకా కలిపి తూటా మొత్తం, చిటికెన వేలి చివరి కణుపంత ఉంటే, 5.56 రౌండు చూపుడు వేలంత పొడవుంటుంది. ఆ తేడా అంతా వెనకున్న ఖోకాలో పట్టే తుపాకి మందుది. మందు వేగాన్నిస్తుంది. బుల్లెట్ శక్తి బరువుతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. అందుకే ఒకే వెడల్పున్న ఈ రెండింటి మధ్య శక్తిలో సుమారు పది రెట్ల తేడా వస్తుంది. వెడల్పు ఒక్కటే చూసి "సన్నది కాబట్టి బలహీనం" అనేవాళ్లు మొదటి అడుగులోనే దారి తప్పుతున్నారు.

మూడు సైనిక తూటాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. (పేరులో × తర్వాతి అంకె ఖోకా పొడవు, మిల్లీమీటర్లలో.) 5.56×45 బుల్లెట్ బరువు సుమారు 4 గ్రాములు, వేగం సెకనుకు 940 మీటర్ల దగ్గర, శక్తి 1,750 జౌల్స్ చుట్టూ. ఏకే-47ది 7.62×39. దాదాపు 8 గ్రాముల బుల్లెట్, 715 మీటర్ల వేగం, 2,000 జౌల్స్. ఎస్ఎల్ఆర్ తిన్నది 7.62×51. తొమ్మిదిన్నర గ్రాములు, 840 మీటర్లు, 3,300 జౌల్స్ పైమాటే. ఇక్కడి దాకా మామయ్యదే గెలుపు. కానీ రౌండు మొత్తం బరువు చూడండి. 5.56 రౌండు 12 గ్రాములు, 7.62×51 రౌండు 24 గ్రాములు. అదే బరువు మోస్తే బావ దగ్గర రెండింతల రౌండ్లు ఉంటాయి. పైగా భుజం మీద తన్ను తక్కువ కాబట్టి రెండో గురి త్వరగా కుదురుతుంది. మామయ్య మాట్లాడేది తగిలిన తర్వాత సంగతి, బావ మాట్లాడేది తగిలేదాకా సంగతి. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

ఈ తగువు కొత్తదనుకుంటే పొరపాటు. 1895లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న చిత్రాల్ మీదికి వెళ్లిన బ్రిటిష్ ఇండియా సేనలు ఇదే ఫిర్యాదుతో తిరిగొచ్చాయి. అంతకుముందు వాళ్లు వాడింది మార్టినీ-హెన్రీ రైఫిల్. అందులో 31 గ్రాముల లావాటి సీసపు బుల్లెట్. దాని బదులు వచ్చిన కొత్త బుల్లెట్ 14 గ్రాములు, సన్నం, పైన గట్టి లోహపు తొడుగు. తగిలినా మనిషి ఆగడం లేదు, మీదికి వస్తూనే ఉన్నాడని సైనికులు అన్నారు. ఆ తిట్లు తిన్న సన్న తూటా ఏదో తెలుసా? .303. మన ఊళ్లలో పోలీసుల భుజాన తరాల తరబడి చూసిన త్రీనాట్‌త్రీ. ఇవాళ "పాత తూటాల దెబ్బే వేరు" అని చెప్పుకునేటప్పుడు పొగిడేది దాన్నే. 7.62×51 కూడా ఆ కోవలోదే.

ఆ ఫిర్యాదుకు జవాబు కలకత్తా పక్కనున్న దమ్‌దమ్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చింది. కెప్టెన్ బెర్టీ-క్లే అక్కడ బుల్లెట్ ముక్కు మీద తొడుగును కొంచెం తీసేసి, మెత్తని సీసం బయటికి కనబడేలా చేశాడు. ఒంట్లో దిగగానే అది పువ్వులా విచ్చుకుంటుంది. ప్రపంచమంతా దమ్‌దమ్ బుల్లెట్ అని పిలిచేది దీన్నే. 1899లో హేగ్ సమావేశం ఇలా విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడొద్దని ప్రకటించింది. క్యాలిబర్ మారలేదు, బ్యారెల్ మారలేదు, ముక్కు దగ్గర రవ్వంత తొడుగు పోయింది, గాయం పూర్తిగా మారిపోయింది. ఇంత స్పష్టమైన రుజువు నూటపాతికేళ్లుగా మన కళ్ల ముందే ఉంది. అయినా ఇప్పటికీ మిల్లీమీటర్లు పట్టుకుని వేలాడటం చూస్తే నాకు బాధేస్తుంది.

వేటగాళ్ల మాటను సైనిక తూటాకు అతికించే ముందు ఈ సంగతి గుర్తుండాలి. వేటలో విచ్చుకునే బుల్లెట్లు మామూలు, సైన్యంలో వాడకూడదు. ఒకే క్యాలిబర్ పేరున్నా వేటగాడు చూసిన గాయం, సైనికుడు చూసే గాయం ఒకటి కావు. అలాగని వేటగాళ్ల అనుభవాన్ని తీసిపారేయలేం. స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. అందులో ఎక్కువ భాగం .275 రిగ్బీతో, అంటే 7 మిల్లీమీటర్ల మామూలు తూటాతోనే. ఏనుగుకు దుడ్డుకర్రంత బ్యారెల్ కావాలని నమ్మిన కాలమది. "బెల్ చేయగా లేనిది మనం చేయలేమా" అని చిన్న తూటా అభిమానులు ఆయన్ని ఈనాటికీ సాక్షిగా పిలుస్తారు. వాళ్లు చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. బెల్ చచ్చిన ఏనుగుల పుర్రెల్ని రంపంతో నిలువునా కోయించి, మెదడు ఎక్కడుంటుందో, ఏ వైపు నుంచి ఏ కోణంలో దారి ఉందో చూసి నేర్చుకున్నాడు. వాడింది విచ్చుకోని గట్టి బుల్లెట్లు. ఆ రంపపు పని చేయనివాడి చేతిలో అదే రైఫిల్ అదే ఫలితం ఇవ్వదు. బెల్ సాక్ష్యం బెల్ గురించి చెప్పినంతగా .275 గురించి చెప్పదు.

మన దగ్గరికొస్తే, వేటగాడు జిమ్ కార్బెట్ 1926లో మనుషుల్ని తినే రుద్రప్రయాగ చిరుతను పడగొట్టింది కూడా .275 రిగ్బీతోనే. దక్షిణాదిలో మనుషుల్ని తినే పులుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో మన సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టినవాడు. ఆయన నమ్ముకున్నది .405 విన్‌చెస్టర్, పది మిల్లీమీటర్లు దాటిన లావాటి బుల్లెట్. ఇద్దరూ పనిలో దిట్టలే, ఇద్దరి ఎంపికలూ ఒకదానికొకటి పొంతన లేనివి. అనుభవమే తుది తీర్పయితే ఇక్కడ ఎవరి అనుభవం?

ఇక ల్యాబ్. ఈ విషయంలో నేను ఎక్కువ గౌరవించే మనిషి మార్టిన్ ఫాక్లర్. అమెరికన్ ఆర్మీ సర్జన్, వియత్నాం యుద్ధంలో గాయపడినవాళ్లకు ఆపరేషన్లు చేసినవాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని సైనిక పరిశోధనా సంస్థలో బుల్లెట్ గాయాల మీద ల్యాబ్ నడిపాడు. ఆయన పద్ధతి చూడటానికి వంటింటి పనిలా ఉంటుంది. పది శాతం జెలటిన్ కలిపి, దిమ్మలా పోసి, 4 డిగ్రీల చలిలో గడ్డకట్టిస్తారు. రైఫిల్ పేల్చే ముందు ఆ దిమ్మలోకి 4.5 మిల్లీమీటర్ల చిన్న ఉక్కు గోళీని తెలిసిన వేగంతో కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఆగితే దిమ్మ సరిగ్గా కుదిరినట్టు. మరీ లోతుకు పోయినా, పైపైనే ఆగినా ఆ దిమ్మ మీద తీసిన కొలతలు నమ్మరు. మన వాదనల్లో లేనిది ఈ గోళీయే. సాక్ష్యం చెప్పించే ముందు సాక్షిని పరీక్షించే పద్ధతి అది.

ఆ దిమ్మల్లో ఫాక్లర్ చూసింది చాలామంది నమ్మకాల్ని తలకిందులు చేసింది. మొనదేలిన బుల్లెట్‌కు బరువు వెనకవైపు ఎక్కువ. ఒంట్లో దిగాక అది తిన్నగా ఉండలేక అడ్డం తిరుగుతుంది. ఎక్కడ తిరుగుతుందన్నదే అసలు ప్రశ్న. ఏకే-47 ఉక్కు గుండె బుల్లెట్ సుమారు 25 సెంటీమీటర్లు తిన్నగా పోయాకగానీ తిరగదు. మనిషి ఒళ్లు అంత మందం ఉండని చోట అది చిన్న రంధ్రం చేసుకుని అవతలికి పోవచ్చు. వియత్నాం నాటి 5.56 బుల్లెట్ పది పన్నెండు సెంటీమీటర్లకే తిరిగి, నడుం దగ్గర విరిగి ముక్కలయ్యేది. అందుకే తక్కువ శక్తి ఉన్న 5.56 కొన్ని దూరాల్లో ఎక్కువ శక్తి ఉన్న ఏకే కంటే పెద్ద గాయం చేసింది. 7.62×51లోనూ ఇదే కథ. అమెరికా చేసిన బుల్లెట్ తిరిగినా ఒకే ముక్కగా ఉండేది, పశ్చిమ జర్మనీ చేసినది ముక్కలయ్యేది. తేడా తొడుగు మందంలో. ఒకటి 0.8 మిల్లీమీటర్లు, ఇంకొకటి 0.5. రెండూ నాటో కూటమి వాడే అదే 7.62×51 తూటాలే. "7.62 దెబ్బ" అని ఒకే మాటగా చెప్పేటప్పుడు అది ఏ దేశపు 7.62 అని కూడా అడగాలి.

5.56 బుల్లెట్ అలా విరగాలంటే తగిలేటప్పుడు వేగం సెకనుకు 820 మీటర్ల చుట్టుపక్కల, లేదా పైన ఉండాలి. 5.56 పేల్చే అమెరికన్ రైఫిల్ ఎం16 బ్యారెల్ 20 అంగుళాలు, తర్వాత వచ్చిన ఎం4ది 14.5 అంగుళాలు. బ్యారెల్ పొట్టిదైతే వేగం తగ్గుతుంది, బుల్లెట్ విరిగే దూరం కూడా తగ్గిపోతుంది. దానికి తోడు 1980లో నాటో ఎంచుకున్న కొత్త 5.56 బుల్లెట్‌ను దూరాన ఉక్కు పలకను చీల్చేలా, కొనలో గట్టి ఉక్కు పెట్టి చేశారు. 1993లో సోమాలియాలో అమెరికన్ సైనికులు ఈ బుల్లెట్ కవచం లేని మనుషుల్లోంచి సూదిలా దూరిపోతోందని అన్నారు. ల్యాబ్‌లో మాత్రం అదే బుల్లెట్ బాగానే పనిచేసింది. పదేళ్లకు పైగా ఇదే పేచీ. సైనికుల్లోనూ రెండు వర్గాలు, కొందరు ఒక్క దెబ్బకే పడ్డాడంటారు, ఇంకొందరు మూడు తగిలినా పరుగెత్తాడంటారు.

అమెరికన్ సైన్యం దీని మీద సర్జన్లను, ఇంజనీర్లను, పోలీసు నిపుణులను కలిపి చాలాకాలం పరీక్షలు చేయించి 2006లో ఫలితాన్ని బయటపెట్టింది. నా దృష్టిలో ఈ తగువు మొత్తంలో అన్నిటికంటే విలువైన జవాబు అదే. బుల్లెట్ గాల్లో పోయేటప్పుడు పూర్తిగా తిన్నగా పోదు, బొంగరం తలలా కొద్దిగా ఊగుతుంది. తగిలే క్షణంలో ఆ ఊపు ఏ కోణంలో ఉందన్నది రైఫిల్ రైఫిల్‌కూ, రౌండు రౌండుకూ, దూరం దూరానికీ మారుతుంది. కొంచెం వంగి తగిలితే వెంటనే తిరిగి విరుగుతుంది, తిన్నగా తగిలితే సూదిలా దూరిపోతుంది. అంటే "పడ్డాడు" అన్న సైనికుడూ నిజమే చెప్పాడు, "పడలేదు" అన్న సైనికుడూ నిజమే చెప్పాడు. ఇద్దరివీ నిజమైన చూపులే, ఇద్దరూ చూసింది మాత్రం ఒక్కొక్క ముక్క. ఆ ముక్కల్ని లెక్కగా పేర్చి చూసేవాళ్లు వచ్చేదాకా ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకున్నారు. ఆ ఊపు మీద అంతగా ఆధారపడని కొత్త బుల్లెట్‌ను అమెరికా 2010లో తెచ్చింది. క్యాలిబర్ మాత్రం అదే.

దీన్నిబట్టి ల్యాబే గొప్పది, సైనికుడి మాట వట్టిది అనుకోవద్దు. వియత్నాంలో ఎం16 జామ్ అవుతోందని కుర్రాళ్లు మొత్తుకుంటే, మీరు సరిగ్గా శుభ్రం చేయట్లేదని పైవాళ్లు అన్నారు. పేలని రైఫిల్ పక్కన చనిపోయిన సైనికుల గురించి ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారిస్తే, తూటాలో మందు రకం మార్చారనీ, తూటా కూర్చునే ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదనీ, తుడుచుకోవడానికి సామాన్లు కూడా చాలినన్ని పంపలేదనీ బయటపడింది. ఆగిపోతోందని చెప్పిన కుర్రాడే కరెక్టు. కానీ ఎందుకు ఆగిపోతోందో అతనికి తెలిసే దారి లేదు, దానికి మందును పరీక్షించేవాడు కావాలి. "ఏం జరిగింది" అన్నదానికి సైనికుడు అధికారి, "ఎందుకు జరిగింది" అన్నదానికి ఇంకొకరు. ఈ రెండూ కలిపేసినప్పుడే అన్యాయం జరుగుతుంది.

అధికారిక గొంతు కూడా తప్పు చెప్పొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో నూటికి పదిహేను నుంచి పాతికమంది సైనికులే తుపాకీ పేల్చారని అమెరికన్ సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఏ. మార్షల్ 1947లో రాశాడు. ఆ అంకె శిక్షణ పద్ధతుల్నే మార్చింది, తరాల తరబడి పుస్తకం నుంచి పుస్తకానికి నడిచింది. 1988లో రోజర్ స్పిల్లర్ అనే చరిత్రకారుడు మూలం వెతుకుతూ వెళ్తే, మార్షల్ నోటుబుక్కుల్లో అలాంటి లెక్క తీసిన ఆనవాలే దొరకలేదు. అన్నది పెద్దమనిషి కాబట్టి నలభై ఏళ్లు ఎవరూ అడగలేదు.

మన దగ్గర బాగా చలామణిలో ఉన్న మాట ఇంకోటి ఉంది. 5.56ను చంపడానికి కాదు, గాయపరచడానికే చేశారట, గాయపడ్డవాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు కాబట్టి. బావ కూడా ఎక్కడో ఇదే విన్నాడు. 1957లో అమెరికన్ సైన్యం ఆ రైఫిల్ కోసం పెట్టిన షరతుల్లో తక్కువ బరువు, 500 గజాల దూరాన ఉక్కు హెల్మెట్‌ను చీల్చడం ఉన్నాయి. మెత్తగా కొట్టమని లేదు. దాని వెనకున్న అసలు కారణం మరీ చప్పనిది. రైఫిల్ కాల్పులు చాలా మటుకు 300 గజాల లోపే జరుగుతున్నాయని 1952 నాటి అధ్యయనం తేల్చింది. అంత దూరానికి పెద్ద తూటా మోయడం దండగ అనుకున్నారు.

మన దేశంలో క్యాలిబర్ అంకెకు ఇంకో అధికారం ఉంది, చట్టానిది. .303, 7.62 లాంటి సైనిక తూటాల రైఫిళ్లు లైసెన్సు భాషలో నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు ఇవ్వనివి. అందుకే ఆయుధ కర్మాగారం పౌరులకు .315 అమ్మింది. అది .303 కంటే గొప్పదనో తక్కువదనో కాదు, సైన్యం తూటా దానిలో పట్టకూడదని. ఇక్కడ అంకె దెబ్బ గురించి ఏమీ చెప్పట్లేదు, గోడ ఎక్కడ కట్టారో చెప్తోంది.

సైన్యాలు కూడా ఒక్క జవాబు దగ్గర ఆగలేదు. భారత సైన్యం 2019లో 72,400 రైఫిళ్లు 7.62×51లో కొన్నది. 2021 డిసెంబరులో అమేఠీ దగ్గర కోర్వాలో చేసేందుకు ఆరు లక్షల పైచిలుకు ఏకే-203లకు ఒప్పందం కుదుర్చుకుంది, అవి 7.62×39. అమెరికా 2022లో కవచాల్ని దృష్టిలో పెట్టుకుని 6.8×51 ఎంచుకుంది. దానితో సైనికుడు మోసేది 140 రౌండ్లు, 5.56తో అయితే 210. మామయ్యా బావా భోజనాల దగ్గర పడ్డ తగువునే ఇప్పుడు అక్కడ ఆఫీసర్లు పడుతున్నారు.

కనుమ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నేను ఎవరి పక్షమూ వహించలేదు. మామయ్యను ఒక్కటే అడిగాను. "ఎస్ఎల్ఆర్ మనిషిని ఆపుతుందంటావే, సర్వీసులో నువ్వు కొట్టిన ఆ రోజు ఎంత దూరం మామయ్యా?"

ఆయన చుట్ట చేతిలో పట్టుకుని కొంతసేపు వీధి వైపు చూశాడు. "దూరం ఎవడు కొలిచాడు అల్లుడూ. పొద్దున్నే, మంచు. ఆ బండ పక్కన కదిలాడు, కొట్టాను, మళ్లీ కనబడలేదు. తగిలి పడ్డాడో, వెనక్కి దూకాడో… వెళ్లి చూసింది వేరే సెక్షన్ వాళ్లు." తర్వాత బావ వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "మీ బ్యారెల్ ఎంత పొడుగురా?"